ఎవరి తెర వాళ్ళకు

ఎర్రగుంట్లలో నేను పనిచేసిన ఆడపిల్లల డిగ్రీ కాలేజీకి కంప్యూటర్లు ఒక సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. రెండు వేల ఆరు, ఏడు ప్రాంతాల మాట ఇది. ఫ్యాక్టరీ వాళ్ళు తమ ఆఫీసుకు కొత్తవి తెచ్చుకుని, పాతవాటిని లారీలో వేసి మా వరండాలో దింపించారు. పంపేముందు, తమ లెక్కలు బయటికి పోకుండా, ఒక్కోదానిలోంచి హార్డ్ డిస్కు ఊడదీసుకున్నారు. అంటే తెర ఉంది, కీబోర్డు ఉంది, పెట్టె ఉంది. ఏదైనా దాచిపెట్టుకునే చోటు మాత్రం లేదు. మా ప్రిన్సిపాల్ సారు వాటి చుట్టూ ఒకసారి తిరిగి, "వీటిని ఏం చేసుకోవల్లమ్మా? బల్లల మీద పెట్టి పూలదండలు వేద్దామా?" అన్నారు.

నేను ఆ కాలేజీలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మాది నందికొట్కూరు. కర్నూలులో కంప్యూటర్ సైన్సు చదివి, పెళ్ళయ్యాక ఎర్రగుంట్ల వచ్చాను. అత్తగారింట్లో బట్టల అంగడి. నేనూ అంగట్లోనే కూర్చుంటానని అందరూ అనుకుంటుంటే మా అత్త, "గుడ్డలు కొలిచేదానికి అంత చదువెందుకు? కాలేజీకే పోనీ" అని తేల్చేసింది. కాబట్టి ల్యాబ్ నడవకపోతే నేను సారుకే కాదు, ఇంట్లో అత్తకు కూడా జవాబు చెప్పుకోవాలి.

ఆ మిషన్లు పనికిరానివి కావని సారుకు చెప్పాను. మంచి కంప్యూటరు ఒక్కటి కొంటే చాలు, మిగతావన్నీ వైరు గుండా దాని నుంచే నడుస్తాయి, పిల్లల పనంతా ఆ ఒక్కదాని డిస్కులోనే ఉంటుంది అన్నాను. సాఫ్ట్‌వేరు కొనక్కర్లేదు, లినక్స్ ఉచితంగా దొరుకుతుంది. సారు కాలేజీ నడిపే కమిటీతో మాట్లాడి ఒప్పించారు. వేసవి సెలవులంతా నేను ల్యాబులోనే గడిపాను. ఫ్యాను తిరిగినా వేడిగాలే. కిటికీలు ఎంత గట్టిగా మూసినా సిమెంటు దుమ్ము వచ్చి తెరల మీద పౌడరులాగా కూర్చునేది. చీర కొంగుతో తుడుచుకుంటూ, వైర్లు లాక్కుంటూ, తప్పులు దిద్దుకుంటూ మొత్తానికి కాలేజీ తెరిచేనాటికి ల్యాబును నిలబెట్టాను. పిల్లలు ఆ పెద్ద కంప్యూటరుకు 'పెద్దమ్మ' అని పేరు పెట్టారు. పొద్దున ల్యాబులోకి రాగానే "పెద్దమ్మ లేసిందా మేడమ్?" అని అడిగేవాళ్ళు.

నేను చేసిన పనుల్లో పిల్లలకు అన్నిటికంటే నచ్చింది ఏమిటంటే, ఒక్కొక్కరికి వాళ్ళ పేరుతో సొంత ఫోల్డరు, సొంత పాస్‌వర్డు ఇవ్వడం. ఏ మిషను ముందు కూర్చున్నా సరే, పేరూ పాస్‌వర్డూ కొడితే వాళ్ళ తెరే వస్తుంది. తెర మీద వాళ్ళు పెట్టుకున్న బొమ్మ, వాళ్ళు సర్దుకున్న ఫైళ్ళు. ఒకరు మంచు కొండలు పెట్టుకుంటే, ఇంకొకరు సముద్రం. మా పిల్లల్లో శానామంది రెండూ చూసి ఎరగరు. ఇంట్లో అన్నదమ్ములతో, చెల్లెళ్ళతో బట్టల పెట్టె కూడా పంచుకునే పిల్లలు వాళ్ళు. వేరేవాళ్ళు తెరవలేని చోటు ఒకటి తమకుందని తెలిసిన రోజు వాళ్ళ ముఖాలు నాకిప్పటికీ గుర్తున్నాయి.

మూడో ఏడాది పిల్లలు ఆ ఫోల్డర్లలోనే తమ ప్రాజెక్టులు చేసుకున్నారు. ఎర్రగుంట్లలోనే ఉండే ఒక లారీ డ్రైవరు కూతురు, ఫ్యాక్టరీ గేటు దగ్గర లోడు కోసం నిలబడే లారీల వరసను చూపించే ప్రోగ్రాము రాసింది. వాళ్ళ నాయన రోజుల తరబడి వరసలో నిలబడి ఇంటికి రాకపోవడం చూసి పుట్టిన ఆలోచన అది. హాస్టల్లో ఉండే కోయిలకుంట్ల అమ్మాయి హాస్టలు వంటింటి సరుకుల మీద రాసింది. ముద్దనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే అల్లరి పిల్ల ఒకతె మొదట ఏదీ తేల్చుకోలేక, చివరికి బస్సు టైముల మీదనే రాసి పారేసింది. నిజానికి బాగా రాసింది.

పరీక్షలు దగ్గరపడుతుండగా పెద్దమ్మ లోపలి డిస్కు గరగరమనడం మొదలుపెట్టింది. కొత్త డిస్కు వేయించాలి. సరిగ్గా ఆ వారమే నందికొట్కూరులో మా తమ్ముడి పెళ్ళి. కడప నుంచి సర్వీసు ఇంజినీరు వచ్చి పని చేస్తాడని, నేను లేకపోయినా ఫరవాలేదని సారు నన్ను పంపించారు. ఆ ఇంజినీరు నాకు తెలిసినవాడే. నెమ్మదస్తుడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. కొత్త డిస్కు బిగించి, దాని మీద లినక్స్ మళ్ళీ ఎక్కించి, పిల్లల పేర్లన్నీ పాత పాస్‌వర్డులతో సహా తిరిగి చేర్చి, వాళ్ళ ఫోల్డర్లను పాత డిస్కు నుంచి జాగ్రత్తగా కాపీ చేశాడు. ఆ పని పూర్తయిన కాసేపటికి పాత డిస్కు పూర్తిగా ఆగిపోయిందట. అప్పుడది విని అదృష్టమనుకున్నాను.

పెళ్ళి నుంచి తిరిగి వచ్చి శనివారం పొద్దున ల్యాబుకు వెళ్ళాను. సోమవారం యూనివర్సిటీ వాళ్ళ ప్రాక్టికల్ పరీక్ష. మూడో ఏడాది పిల్లలంతా చివరిసారి ప్రాజెక్టులు చూసుకోవడానికి వచ్చి కూర్చున్నారు. పేర్లు కొట్టారు, పాస్‌వర్డులు కొట్టారు. తెరలన్నీ ఒకసారి నల్లబడి, మళ్ళీ పేరు అడిగే చోటికే వచ్చి నిలబడ్డాయి.

"మేడమ్, ఇట్లొచ్చి అట్ల పోతాండాది," అంది డ్రైవరు కూతురు.

"నాది కూడా తెరుచుకోల్యా."

"నాదీ అంతే మేడమ్."

పాస్‌వర్డు తప్పు కొట్టి చూడమన్నాను. తప్పు కొడితే తప్పని చెబుతోంది. కాబట్టి పాస్‌వర్డుల్లో తేడా లేదు. మిషను వాళ్ళను గుర్తుపడుతోంది, లోపలికి రానిస్తోంది, వెంటనే బయటికి పంపేస్తోంది. ఎందుకని మాత్రం ఒక్క ముక్క చెప్పడం లేదు. ఇంతలో మూలనుంచి కోయిలకుంట్ల అమ్మాయి భయం భయంగా, "మేడమ్, నాది తెరుచుకునింది" అంది. అందరం వెళ్ళి చూశాం. ఆమె తెర, ఆమె ఫైళ్ళు, అన్నీ ఉన్నాయి. ఇంతమందిలో ఆమె ఒక్కదానికే ఎందుకు తెరుచుకుందో నాకు అంతుపట్టలేదు. ఆమెను వేరే మిషను దగ్గర కూర్చోబెట్టాను. అక్కడా తెరుచుకుంది. ఆమె మిషను దగ్గర ముద్దనూరు పిల్లను కూర్చోబెట్టాను. తెరుచుకోలేదు. అయితే తేడా మిషన్లలో లేదు, మనుషుల్లో ఉంది.

సారు అప్పటికే కడపకు ఫోన్ చేశారు. ఇంజినీరు దొరికిన బస్సుకే బయలుదేరి వచ్చాడు. పెద్దమ్మ ముందు కూర్చుని, అన్ని హక్కులూ ఉండే రూట్ అనే పేరుతో లోపలికి వెళ్ళాడు. తెర చక్కగా తెరుచుకుంది. పిల్లల ఫోల్డర్లు, వాటి లోపలి ఫైళ్ళు తెరిచి చూపించాడు.

"మేడమ్, ఒక్క ఫైలు కూడా పోల్యా. అన్నీ ఈడనే ఉండాయి. ఇది పర్మిషన్ల గొడవ. అన్నిటికీ అందరికీ పర్మిషన్ ఇచ్చేస్తాండా. ఇంగ తెరుచుకోక యాడికి పోతాది?"

నేను ఆగమనే లోపలే ఆదేశం కొట్టేశాడు. ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా నడపవచ్చు అని అన్ని ఫోల్డర్లకూ, వాటిలోని అన్ని ఫైళ్ళకూ తలుపులు బార్లా తెరిచేశాడు. పిల్లలు ఆశగా మళ్ళీ పేర్లు కొట్టారు. ఒక్కటీ తెరుచుకోలేదు. అది చాలదన్నట్టు మూలనుంచి ఏడుపు గొంతు వినిపించింది.

"మేడమ్, ఇప్పుడు నాది కూడా పాయె."

కోయిలకుంట్ల అమ్మాయి తెర కూడా వెనక్కి వచ్చేసింది. ఇంజినీరు ముఖం పాలిపోయింది. "యా అల్లా, ఇదేందక్కా!" అన్నాడు. మేడమ్ నుంచి అక్కకు ఎప్పుడు మారాడో అతనికే తెలియదు.

సరిగ్గా ఆ సమయానికి సారు లోపలికి వచ్చారు. పరీక్షల ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందట. ల్యాబ్ సిద్ధంగా లేకపోతే సాయంత్రంలోపు చెప్పాలి, సెంటరును కడపకు మారుస్తాం అన్నారట. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కడపకు వెళ్ళి పరీక్ష రాయాలంటే తెల్లవారకముందే బయలుదేరాలి, తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఆ మాట ఇంట్లో చెబితే కొందరి నాయనలు పరీక్షే వద్దంటారని మా అందరికీ తెలుసు.

"అమ్మా, ఉన్నదంతా తుడిచేసి కొత్తగా పెట్టేద్దాం," అన్నారు సారు. "పిల్లలు రాసేదానికి మిషన్లు నడిస్తే చాలు గదా."

"ప్రాజెక్టులు సార్?" అంది డ్రైవరు కూతురు. సారు ముందు ఆ పిల్ల నోరు తెరిచి మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. "నేను ఒక సంవత్సరమంతా రాసినా సార్. అవి లేకుండా ఏం చూపియ్యల్ల?"

సారు నా వైపు చూశారు.

"సాయంత్రం దాకా వదిలేయండి సార్," అన్నాను. "ఫైళ్ళు లోపలే ఉన్నాయి. తలుపు తీయడమొక్కటే తెలియడం లేదు."

"తీయగలవా?"

"తీస్తాను సార్."

సారు వెళ్ళిపోయారు. కుర్చీ లాక్కుని కోయిలకుంట్ల అమ్మాయి పక్కన కూర్చున్నాను. "మళ్ళీ కొట్టు పాపా, నేను చూస్తా" అన్నాను. ఆమె పేరు కొట్టింది. ఈసారి తెర నల్లబడే ముందు ఒక చిన్న పెట్టె వచ్చింది. అందులో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. పొద్దున ఎవరికీ రాని సందేశం అది. ఇంజినీరు పర్మిషన్లు మార్చాక పిల్లలకు వస్తూనే ఉంది గానీ, తప్పు చెప్పే పెట్టె కనబడగానే చదవకుండా ఓకే నొక్కడం అందరికీ అలవాటే కదా. నేను నొక్కనివ్వలేదు. పైకి చదివాను. దాని సారాంశం ఇది: ఈ ఫోల్డరుకు ఓనరు నువ్వే అయి ఉండాలి, నువ్వు తప్ప వేరేవాళ్ళు ఇందులో రాయగలిగేలా ఉండకూడదు.

రెండోసారి చదివాను. వెనక నిలబడ్డ ఇంజినీరు కూడా చదివాడు.

"అంటే, అందరికీ పర్మిషన్ ఇచ్చినందుకే ఈయమ్మది ఆగిపాయనా?" అన్నాడు.

"అవునప్పా. తలుపులు బార్లా తీసి ఉంటే ఇది నమ్మదు. ఎవరో వచ్చి ఏదో పెట్టి ఉంటారని అనుమానం. లోపలికే పోదు."

"సరే, అది నేను చేసిందే. కానీ మిగతావాళ్ళవి పొద్దుననే తెరుచుకోల్యా గదక్కా. అప్పుడు నేనింకా ఏమీ ముట్టుకోల్యా."

అతనన్నది నిజమే. షరతులు రెండు. కోయిలకుంట్ల అమ్మాయికి పొద్దున రెండూ సరిపోయాయి, ఇప్పుడు రెండోది తప్పింది. మిగతావాళ్ళకు పొద్దున్నుంచే మొదటిది తప్పి ఉండాలి. అంటే వాళ్ళ ఫోల్డర్లకు వాళ్ళు ఓనర్లు కారు. మరి ఎవరు?

పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, ఫోల్డర్లన్నీ ఓనర్ల పేర్లతో సహా చూపించమని అడిగాను. ఒకవైపు ఫోల్డరు పేరు, దానికెదురుగా ఓనరు పేరు. మొదటి వరస కోయిలకుంట్ల అమ్మాయిది: ఫోల్డరు ఆమెదే, ఓనరూ ఆమే. రెండో వరస చూసి నేను కళ్ళు నులుముకున్నాను. డ్రైవరు కూతురి ఫోల్డరుకు ఓనరు ముద్దనూరు పిల్ల! ముద్దనూరు పిల్ల ఫోల్డరుకు ఓనరు ఇంకెవరో. కిందికి పోయేకొద్దీ అంతా అట్లాగే ఉంది. ఒకరి సొత్తు మీద ఇంకొకరి పేరు.

పిల్లలు నా భుజాల మీదుగా తొంగి చూశారు. "ఓసి నీ! నా ప్రాజెక్టంతా నీదంట!" అని డ్రైవరు కూతురు ముద్దనూరు పిల్ల వీపు మీద ఒకటి చరిచింది. "ఉంటే ఉండనీలే, మార్కులు నాకే ఏస్తారు," అంది ఆ పిల్ల. పొద్దున్నుంచి ఏడుపు ముఖాలు పెట్టుకుని ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కారణం దగ్గరికి వచ్చేశానని మాత్రం గుండెకు తెలిసిపోయింది.

"పేర్లు ఏ వరసలో చేర్చినావప్పా?" అని ఇంజినీరును అడిగాను.

"ఏ బీ సీ డీల వరసలో. ఎవరినీ మర్చిపోకుండా ఉంటానని."

నేను చేర్చింది ఆ వరసలో కాదు. మొదటి రోజు పిల్లలు ల్యాబ్ గుమ్మం దగ్గర ఎట్లా నిలబడ్డారో ఆ వరసలో, ఒక్కొక్కరినీ పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని చేర్చాను. హాస్టలు పక్కనే కాబట్టి కోయిలకుంట్ల అమ్మాయి అందరికంటే ముందొచ్చి నిలబడింది. ఇంగ్లీషు అక్షరాల్లో చూసినా ఆమె పేరే మొదటిది. రెండు వరసల్లోనూ తన చోటు మారనిది ఆమె ఒక్కతే.

ఇంజినీరుకు అప్పుడు చెప్పాను. ఈ మిషన్లకు మన పేర్లతో పని లేదు. మనిషిని చేర్చుకున్నప్పుడు లోపల వరసగా ఒక నంబరు ఇచ్చుకుంటాయి. ఫోల్డరు మీద ఓనరని రాసుకునేది ఆ నంబరునే. పేరు మనకు చూపించడానికి మాత్రమే. అతను ఫోల్డర్లను ఏమాత్రం మార్చకుండా, పాత నంబర్లతో సహా ఉన్నదున్నట్టు కాపీ చేశాడు. కానీ కొత్త డిస్కులో ఆ నంబర్లు వేరేవాళ్ళకు పోయాయి. అతని శ్రద్ధలో లోపం లేదు, నా పనిలోనూ లోపం లేదు. రెండు వరసలు కలవలేదు, అంతే.

"అక్కా, ఇది నాకు ఎవరూ చెప్పల్యా," అన్నాడు.

"నాకు మాత్రం ఎవరు చెప్పినారప్పా? ఇప్పుడే గదా ఇద్దరం చూసింది."

మొదట ఒక్కదాన్ని చేసి చూద్దామనుకున్నాను. డ్రైవరు కూతురి ఫోల్డరును, లోపలున్న ప్రతి ఫైలుతో సహా, ఆమె పేరుకు మార్చాను. పేరు కొట్టింది. తెరుచుకోలేదు. పిల్లల్లో ఎవరో "అయ్యో" అన్నారు. నేను కంగారు పడలేదు. ఓనరు సరైంది గానీ తలుపులింకా బార్లా తీసే ఉన్నాయి కదా. ఆ ఫోల్డరులో వేరేవాళ్ళెవరూ రాయకుండా మూసేశాను. "ఇప్పుడు కొట్టు."

కొట్టింది. తెర నల్లబడింది. నల్లటి తెర మీద మెల్లగా నీలం రంగు పరుచుకుంది, తర్వాత ఆమె మంచు కొండలు వచ్చాయి, కొండల మీద ఒక్కొక్కటే ఆమె ఫైళ్ళు వచ్చి కూర్చున్నాయి.

"వచ్చె! మేడమ్, వచ్చె!" అని ఆ పిల్ల లేచి నన్ను వాటేసుకుంది. అరుపులకు పక్క క్లాసులో లెక్చరరు తలుపు తీసి చూశాడు.

ఇంక మిగతావాళ్ళవి ఒక్కొక్కటీ చేయాల్సిన పని లేదు. ప్రతి ఫోల్డరుకూ పేరు ఆ అమ్మాయి పేరే. ఫోల్డరు ఏ పేరుతో ఉంటే దానికీ, దానిలోనిదానికంతా ఆ పేరు మనిషే ఓనరు, వేరేవాళ్ళు రాయకూడదు అని పెద్దమ్మకు ఒకే ఆదేశంగా రాయవచ్చు. నేను ఒక్కో ముక్క చెబుతుంటే ఇంజినీరు తప్పు రాకుండా చూశాడు. రెండుసార్లు చదువుకున్నాం. కొట్టబోతుంటే కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. తెరలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. యూపీఎస్ ఉన్నది పెద్దమ్మ ఒక్కదానికే. అది మాత్రం కీచుకీచుమంటూ నడుస్తోంది.

"ఆపేద్దామా అక్కా? మధ్యలో ఇది కూడా పోతే కష్టం," అన్నాడు ఇంజినీరు.

నేను ఆలోచించాను. ఫోల్డర్లు పెద్దవేం కావు. ఆ పనికి పెద్దమ్మకు ఎంతో సేపు పట్టదు. ఒకవేళ మధ్యలో ఆగినా, మళ్ళీ మొదటి నుంచి కొడితే నష్టమేమీ లేదు. కరెంటు మాత్రం ఎప్పుడొస్తుందో మా ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. సారు ఆఫీసుకు ఫోన్ చేయాల్సింది సాయంత్రంలోపే. కొట్టాను. పెద్దమ్మ ఒక్క మాట కూడా తిరిగి అనకుండా పని ముగించి, తర్వాతేమిటన్నట్టు నిలబడింది. ఓనర్ల వరస మళ్ళీ చూపించమన్నాను. పై నుంచి కింది దాకా వేలు పెట్టి చూసుకుంటూ పోయాం. ఎవరిది వాళ్ళకే ఉంది.

కానీ తెరలు తెరుచుకుంటాయో లేదో చూద్దామంటే కరెంటు లేదు. పిల్లల్ని ఇంటికి పొమ్మంటే ఒక్కరూ కదల్లేదు. చెమటలు కక్కుకుంటూ, నోటు పుస్తకాలతో విసురుకుంటూ, ఆరిపోయిన తెరల ముందు ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. సారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బయట ఫ్యాక్టరీ వైపు పోయే లారీల మోత వినిపిస్తోంది.

ఫ్యాను రెక్క ముందుగా కదిలింది. తర్వాత తెరల మీద అక్షరాలు పరుగెత్తడం మొదలైంది. ఒకదాని తర్వాత ఒకటి అన్ని మిషన్లూ లేచి పేరు అడిగాయి. "అందరూ ఒకటేసారి కొట్టండి," అన్నాను. కీబోర్డుల చప్పుడు వానలాగా కురిసింది. ఇటు పక్కన సముద్రం తెరుచుకుంది, అటు పక్కన గులాబీలు, దాని వెనక ఒక పిల్లి బొమ్మ, ఆ మూలన మళ్ళీ మంచు కొండలు. తెర తర్వాత తెర వెలుగుతూ పోయింది, వెలిగిన చోటల్లా ఒక అరుపు. కోయిలకుంట్ల అమ్మాయి రెండు చేతులూ పైకెత్తి, "నాది మళ్ళా వచ్చె మేడమ్!" అని అరిచింది.

ముద్దనూరు పిల్ల ఊరుకుంటుందా? డ్రైవరు కూతురి ఫోల్డరును తన మిషను నుంచి మార్చడానికి ప్రయత్నించింది. నీకు అనుమతి లేదని మిషను మొహం మీదే చెప్పేసింది. "నన్ను రానియ్యలేదు మేడమ్!" అని ఆ పిల్ల చప్పట్లు కొడితే, సారు సహా అందరం కొట్టాం.

సారు నేరుగా తన ఆఫీసుకు వెళ్ళారు. తలుపు తెరిచే ఉంది కాబట్టి ఆయన ఫోన్లో గట్టిగా అంటున్న మాట వరండా అంతా వినిపించింది: "పరీక్ష ఈడనే పెడతాం సార్. మా ల్యాబ్ తయారుగా ఉండాది."

ఇంటికి వెళ్ళేసరికి మా అత్త అంగట్లో ఉంది. ల్యాబ్ గొడవ అప్పటికే వీధిలో తెలిసిపోయినట్టుంది, నా ముఖం చూసి, "ఏం, చక్కగయ్యెనా?" అంది.

"అయింది అత్తా. అందరివీ తెరుచుకున్నాయి."

"మళ్ళ? నేను చెప్పల్యా!" అని గిరాకీలను వదిలేసి అక్కడున్నవాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టింది. ఏమి చెప్పిందో నాకు తెలియదు గానీ, రెండు రోజులు మా వీధిలో నన్ను కొత్తగా చూశారు.

సోమవారం పరీక్షకు వచ్చిన ఎగ్జామినరు గట్టి మనిషని పేరు. మొదట మా మిషన్లను చూసి, డిస్కుల్లేవని తెలిసి పెదవి విరిచారు. తర్వాత ఒక్కొక్కరి ప్రాజెక్టు తెరిపించి ప్రశ్నలు వేశారు. డ్రైవరు కూతురి దగ్గరకు వచ్చి, "ఫైల్ పర్మిషన్ అంటే ఏమిటమ్మా?" అని అడిగారు. పుస్తకంలో ఉన్న జవాబు రెండు వాక్యాలే. ఆ పిల్ల పుస్తకం జవాబు చెప్పి ఆగలేదు. ఓనరు ఎవరు, మిషను పేరును కాక నంబరును ఎందుకు చూస్తుంది, తక్కువ పర్మిషన్ ఇస్తే ఏమవుతుంది, ఎక్కువ ఇస్తే ఏమవుతుంది, శనివారం జరిగిందంతా చెప్పేసింది.

ఎగ్జామినరు పెన్ను కింద పెట్టారు. "ఎక్కువ ఇచ్చినా తెరుచుకోదా?"

"తెరుచుకోదు సార్. మేము కండ్లారా చూసినాం."

"ఇది నీకు ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పల్యా సార్. మా ల్యాబులోనే జరిగె. మా మేడమ్ సరిచేస్తాంటే మేమంతా పక్కనే ఉంటిమి."

ఆయన నా వైపు తిరిగి, లేచి నిలబడి నమస్కారం పెట్టారు. వయసులో నాకంటే శానా పెద్దాయన. ఏం చేయాలో తోచక నేను కూడా పెట్టాను.

మధ్యాహ్నం డ్రైవరు కూతుర్ని తీసుకుపోవడానికి వాళ్ళ నాయన వచ్చాడు. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము, లోపలికి రావడానికి వెనకాడుతున్నాడు. ఆ పిల్ల చేయి పట్టుకుని లాక్కొచ్చి తన తెర ముందు నిలబెట్టింది. లారీల వరసలో ఆయన బండి నంబరు కొట్టి చూపించింది. "ఇదో నాయనా, నీ బండి. నీ ముందర ఎన్ని బండ్లుండాయో ఈడ సూపిస్తాది. గేటుకాడ ఇది పెట్టినారంటే నువ్వు ఎండలో నిలబడక్కర్లేదు, ఇంటికొచ్చి తిని పోవచ్చు."

ఆయన వంగి ఆ నంబరును శానాసేపు చూశాడు. "ఇదంతా నువ్వే రాసినావా పాపా?" అన్నాడు. ఆమె తలూపింది. ఆయన భుజం మీది తుండుతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ ఏడాది మా పిల్లలందరూ పాసయ్యారు. ఎగ్జామినరు ఏం రాశారో ఏమో గానీ, మరుసటి ఏడు ప్రాక్టికల్ పరీక్షలకు మిగతా కాలేజీలకూ మా కాలేజీనే సెంటరుగా ఇచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళ కాలేజీల నుంచి ఆడపిల్లలు మా ల్యాబుకే వచ్చి రాశారు. ఇంజినీరు తనంతట తానే కడప నుంచి వచ్చి ముందురోజంతా నాతోపాటు కూర్చుని ఆ పిల్లల పేర్లన్నీ చేర్చాడు. పరీక్ష రోజు పొద్దున బస్సులు దిగి, వరండాలో చెప్పులు విడిచి, కొత్త పిల్లలు బెరుకుగా లోపలికి వచ్చారు. ఒక్కొక్కరూ తమ పేరు కొట్టారు. ఒక్కొక్కరికీ తెర తెరుచుకుంది. నేను గుమ్మంలో నిలబడి చివరి తెర వెలిగేదాకా చూశాను. తర్వాత తలుపు దగ్గరగా వేసి, పరీక్ష మొదలుపెట్టమన్నాను.